పెరటి చెట్టు: పగిలిన దానిమ్మ

షోలాపూర్‌లో కాపురం ఉంటూ దానిమ్మ గురించి రాయకపోతే బాగుండదు. 2005లో జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం వెలసింది ఇక్కడే. అంత పేరున్న ఊళ్ళో మా పెరటి చెట్టు మాత్రం మూడేళ్ళపాటు మంచి కాయ ఇవ్వలేదు. పండే వేళకు అన్నీ నోళ్ళు తెరిచేవి.

"అత్తయ్య చేత్తో పెట్టింది కాబట్టి ఊరుకుంటున్నానండీ, లేకపోతే ఎప్పుడో కొట్టించేదాన్ని" అనేది మా ఆవిడ.

మందుల కొట్టుకు వెళ్ళి కాయలు పగులుతున్నాయన్నాను. అతను కాయ చూడకుండానే పురుగుమందు సీసా చేతిలో పెట్టాడు. నేనూ చూపించలేదు లెండి, సగం తప్పు నాదే. రెండుసార్లు కొట్టాను. ఓ రోజు మనవరాలు రాలిన కాయ నోట్లో పెట్టుకోబోతే మా ఆవిడ కేక వేసి లాక్కుంది. ఆ సీసా మళ్ళీ ముట్టలేదు.

బ్యాంకులో లెక్క తేలకపోతే ఓచర్లన్నీ ఒక్కొక్కటే తీసి చూస్తాం. అలాగే పగిలిన కాయలు 12 కోసి అరుగు మీద పెట్టాను.

మూడింటికి చిన్న కన్నం, దాని చుట్టూ పురుగు రెట్ట, కోస్తే దుర్వాసన. ఇది దానిమ్మ సీతాకోకచిలుక పని. మొగ్గల మీదా పిందెల మీదా గుడ్లు పెడుతుంది. పురుగు లోపలికి తొలుచుకుపోయాక పైన ఎంత మందు కొట్టినా దానికి తగలదు. పిందెగా ఉండగానే పల్చని గుడ్డసంచి కట్టాలి. కన్నం పడ్డ కాయను చెట్టు కింద వదలకూడదు.

నా అసలు భయం తేల్యా గురించి. నూనె మచ్చ తెగులుకు మరాఠీ రైతులు పెట్టిన పేరది. దానివల్ల తోటలు పీకేసుకున్నవాళ్ళ అప్పు కాగితాలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఆకు మీదా కాయ మీదా నూనె చుక్క పడ్డట్టు మచ్చలు వచ్చి నల్లబడతాయి. మచ్చ దగ్గరే కాయ ఎల్, వై అక్షరాల ఆకారంలో చీలుతుంది. ఇది బ్యాక్టీరియా, పురుగుమందుకు లొంగదు. వానచినుకులతో, కొమ్మలు కోసే కత్తెరతో కూడా పాకుతుంది. తెగులు తగిలిన కొమ్మను కోసి కాల్చాలి, కోసిన ప్రతిసారీ కత్తెర శుభ్రం చేయాలి. మా కాయల మీద ఆ మచ్చ ఒక్కటీ లేదు. హమ్మయ్య అనుకున్నాను.

మిగతా తొమ్మిదింటికి మచ్చా లేదు, కన్నమూ లేదు. గింజలు శుభ్రంగా ఉన్నాయి, తొక్క ఒక్కటే చిట్లింది. దొంగ ఎవరయ్యా అంటే నేనే! పక్క తాలూకాకు బదిలీ అయ్యాక ఆదివారం వచ్చి బిందెలకు బిందెలు పోసేవాణ్ణి. మిగతా ఆరు రోజులూ చెట్టుకు పస్తు. ఎండిన నేలలో తొక్క బిరుసెక్కుతుంది. ఒక్కసారిగా నీళ్ళు అందితే లోపలి గింజలు ఉబ్బుతాయి, తొక్క సాగలేక పగులుతుంది. బోరాన్ తక్కువైనా పగులుతుంది గానీ, ముందు నీళ్ళ సంగతి చూసుకోండి.

అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు రోజూ దాని మొదట్లోనే పోసేది. మేం అది పొదుపు అనుకున్నాం. ఇప్పుడు ఆ పని మా ఆవిడ చేస్తోంది. మొదట్లో ఎండుటాకులు కూడా పరిచాం. పోయిన కాపులో 26 కాయలకు పగిలినవి నాలుగు.

దానిమ్మ పూలు రాలుతున్నాయని బెంగళూరు నుంచి ఒక సోదరి రాశారు. అడుగు సన్నగా, గంటలా ఉండేవి మగపూలమ్మా, అవి రాలేవే. అడుగు కుండలా ఉబ్బి ఉన్నవి కాయ కట్టేవి. ఏవి రాలుతున్నాయో చూసి రాయండి.