పొదుపు చేయండి, స్విచ్ దగ్గర తప్ప

ఇంట్లో సరదాగా వడ్రంగం చేసుకునేవాళ్లకు చేతి రౌటర్ కొన్న కొన్నాళ్లకే దానికో టేబుల్ ఉంటే బాగుండనిపిస్తుంది. సన్నని పట్టీకి అంచు నగిషీ తీయాలన్నా, గాడి కొట్టాలన్నా, మిషన్‌ను బల్ల కింద తలకిందులుగా బిగించి చెక్కనే బిట్ మీదికి నెట్టడం సుళువు. చిక్కల్లా ధరే. చెక్కను ఆనించి నెట్టే అల్యూమినియం ఫెన్స్, బిట్ ఎత్తు సర్దే లిఫ్ట్ కలిసిన సెట్టు ఖరీదు చిన్న రౌటర్ ధరను మించిపోతుంది. అందులో చాలా భాగం మనకు అక్కర్లేదు. కానీ ఇంట్లో బల్ల చేసుకునేవాళ్లు ముందుగా కోత పెట్టేది, పెట్టకూడని చోట.

ఫెన్స్ కచ్చితంగా లేకపోతే పని పాడవుతుందంటారు. రంపపు బల్లకైతే నిజమే, అక్కడ ఫెన్స్ బ్లేడుకు సమాంతరంగా ఉండి తీరాలి. గుండ్రంగా తిరిగే రౌటర్ బిట్‌కు ఆ బాధ లేదు, ఫెన్స్‌కూ బిట్‌కూ మధ్య దూరమే లెక్క. వంకర లేని చెక్కపట్టీ ఒక కొసన బోల్టు బిగించి, రెండో కొసను జరిపి క్లాంపుతో పట్టిస్తే చాలు. బిట్ సరిగ్గా మధ్యలో ఉంటే, కొస ఒక మిల్లీమీటరు జరిగినప్పుడు బిట్ దగ్గర అర మిల్లీమీటరే తేడా వస్తుంది. పట్టీ బల్లకు నిటారుగా ఉందో లేదో మాత్రం మూలమట్టంతో చూసుకోవాలి. బల్ల కుంగుతుందన్న మాట ఇంకా గట్టిది. 18 మి.మీ. ఎండీఎఫ్ పలక ఒక్కటే వేసి బరువైన రౌటర్ వేలాడదీస్తే కుంగుతుంది, కోత లోతు మారిపోతుంది. రెండు పలకలు ఫెవికాల్‌తో అతికించి, పైనా కిందా సన్‌మైకా వేయాలి. ఒకవైపే వేస్తే పలక వంగుతుంది. మిషన్ కూర్చునే చోట మందం తొలచకపోతే బిట్ పైకి చాలదు. అంచులకు ప్రైమర్ పూయకపోతే కోస్తా తేమకు ఎండీఎఫ్ ఉబ్బుతుంది. ఇదంతా ఓపికతో అయ్యే పని, డబ్బుతో కాదు.

స్విచ్ సంగతి వేరు. చిన్న రౌటర్ నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుంది, 25 మి.మీ. బిట్ అంచు వేగం గంటకు 140 కిలోమీటర్లు. దాని స్విచ్ బల్ల కింద ఉండిపోతుంది కనుక ఆన్‌లోనే వదిలేసి గోడ స్విచ్‌తో నడుపుతారు. కరెంటు పోతుంది. బిట్ చుట్టూ పొట్టు తుడుస్తుండగా మళ్లీ వస్తుంది. బోరు మోటారు ఉన్న రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు: స్టార్టర్‌లోని నో-వోల్ట్ కాయిల్ వల్ల కరెంటు పోగానే స్టార్టర్ పడిపోతుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితే గానీ మోటారు తిరగదు. (ఆటో స్టార్టర్లు పుట్టిందే దీన్ని తప్పించడానికి.) టేబుల్‌కు కావలసింది అదే పద్ధతిలో పనిచేసే చిన్న స్విచ్, ముందువైపు, రెండు చేతులూ చెక్క మీద ఉన్నా మోకాలితో తట్టి ఆపగలిగే చోట.

కరెంటు పోగానే ప్లగ్గు పీకితే సరిపోదా అంటే, చీకట్లో టార్చి వెతుక్కునే మనిషికి అది గుర్తుండాలి కదా. వడ్రంగులు ఏళ్లుగా ఇవేవీ లేకుండానే రౌటర్ నడుపుతున్నారన్నదీ నిజమే. అయితే వాళ్లు చేత్తో నడిపేటప్పుడు రెండు చేతులూ మిషన్ మీద, బిట్‌కు ఎడంగా ఉంటాయి, స్విచ్ వేలికి అందుతుంది. మిషన్‌ను తలకిందులు చేశాక చేతులు బిట్ పక్కకు వచ్చాయి, స్విచ్ కిందికి పోయింది. లిఫ్ట్ మానేసి ఆ డబ్బుతో స్విచ్ కొనడమే మేలు. బిట్ ఎత్తు చేత్తో సర్దుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే.