ఒక్క రాత్రి ఫైసలా

జనవరి వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన ఖాందాన్‌లలో ఒక బహస్ మొదలవుతుంది. డాలస్‌లో, షికాగోలో, న్యూజెర్సీలో పెరిగిన పిల్లలు దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని కూడా అదే మాట్లాడుకుంటారు: "ఫలానా క్వార్టర్‌బ్యాక్ మామూలు మ్యాచుల్లో షేర్, ప్లేఆఫ్స్‌లో బిల్లీ. వాడికి జిగర్ లేదు." గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన దాదా దాదీలకు ఆ ఆట అర్థం కాకపోయినా ఆ ఇల్జామ్ మాత్రం కొత్త కాదు. క్రికెట్‌లో దక్షిణాఫ్రికా జట్టును ఏళ్ల తరబడి ఏ మాటతో బద్నామ్ చేశారో ఇదీ అదే మాట: చోకర్.

ఒత్తిడి అనేది లేదని నేను అనను. పెద్ద మ్యాచ్‌లో చెయ్యి వణికినవాళ్లు ఉన్నారు. కానీ జట్టు ఓడిన ప్రతిసారీ ఒక మనిషి దిల్ మీద ఫైసలా రాసేయడం ఇన్సాఫ్ కాదు. ఆ ఇల్జామ్‌ను మైదానంలో జరిగిన వాటితో సరిచూస్తే చాలాసార్లు నిలబడదు.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని ఎవరికి విసరాలో తేల్చేవాడు. అందుకు దొరికేది రెండు మూడు సెకన్లు. ఈలోపు అవతలి జట్టు పహిల్వాన్లు మీదికి దూకుతుంటారు. బంతి అవతలి జట్టు చేతికి వెళ్తే ఇతను బయటకు వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. అప్పుడు ఆడేది డిఫెన్స్. ఎన్ఎఫ్ఎల్ సీజన్‌లో ఒక్కో జట్టుకు 17 మ్యాచులు. ఆ తర్వాత 14 జట్లతో ప్లేఆఫ్స్. అక్కడ ఒక్కసారి ఓడితే ఇంటికే. బాస్కెట్‌బాల్‌లో లాగా ఏడు మ్యాచుల సిరీస్ ఉండదు, రెండో మౌకా ఉండదు.

ఇప్పుడు 2022 జనవరి 23 రాత్రి సంగతి చూడండి. బఫలో బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ కాన్సాస్ సిటీలో 329 గజాలు విసిరాడు. నాలుగు టచ్‌డౌన్లు, ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు. 13 సెకన్లు మిగిలి ఉండగా అతని జట్టు 36-33తో ముందుంది. అలెన్ పని అయిపోయింది, బెంచీ మీద కూర్చున్నాడు. ఆ 13 సెకన్లలో చీఫ్స్ జట్టు గబగబా ముందుకొచ్చి ఫీల్డ్ గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో టాస్ చీఫ్స్‌కు పడింది. అప్పటి కానూన్ ప్రకారం మొదట బంతి దక్కిన జట్టు టచ్‌డౌన్ చేస్తే మ్యాచ్ ముగిసినట్టే. వాళ్లు చేశారు. 42-36. అలెన్ చేతికి బంతి మళ్లీ రానే లేదు. ఆ కానూన్‌లో నాఇన్సాఫీ ఉందని లీగ్‌కే తోచి, ప్లేఆఫ్స్ కోసం అదే ఏడాది మార్చింది. కానీ అలెన్ ఖాతాలో ఆ ఓటమి ఓటమిగానే ఉంది. "పెద్ద మ్యాచ్ గెలవలేడు" అనేవాళ్లు ఆ రాత్రిని కూడా హిసాబ్‌లో వేస్తారు.

దీని ఉల్టా మిసాల్ టామ్ బ్రేడీ. ఏడు సూపర్ బౌల్‌లు గెలిచినవాడు, అతని హిమ్మత్ మీద ఎవరికీ షక్ లేదు. 2017లో 28-3తో వెనకబడిన జట్టును గెలిపించిన రాత్రి నిజంగా అతని కమాలే. కానీ 2015 ఫిబ్రవరిలో సీహాక్స్ మీద గెలిచిన మ్యాచ్ చివరి నిమిషం గుర్తుచేసుకోండి. సీహాక్స్ గీతకు ఒక్క గజం దూరంలో ఉన్నారు. దాటితే బ్రేడీ ఓడినట్టే. మాల్కమ్ బట్లర్ అనే కొత్త కుర్రాడు మధ్యలో దూరి బంతి పట్టేశాడు. అప్పుడు బ్రేడీ ఎక్కడున్నాడు? అలెన్ లాగే మైదానం బయట చూస్తూ ఉన్నాడు. ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. ఒకరికి ఇజ్జత్, ఒకరికి ఇల్జామ్.

మ్యానింగ్ అన్నదమ్ములను చూస్తే ఈ బహస్ ఇంకా తేటపడుతుంది. అన్న పేటన్ ఐదుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అయినా తొలి ఏళ్లలో ప్లేఆఫ్స్‌లో బోల్తా పడ్డాడు. 2003 జనవరిలో 41-0తో ఓడాడు, మరుసటి ఏడు పేట్రియట్స్ మీద నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ఆ ఘల్తీలు అతనివే, దాచనక్కర్లేదు. కానీ 2007 జనవరిలో అదే పేట్రియట్స్ మీద 21-3తో వెనకబడి 38-34తో గెలిచాడు, ఆ తర్వాత సూపర్ బౌల్ కూడా అందుకున్నాడు. మనిషి మారాడా, దిల్ మారిందా? ఇంకా వింత ఏమిటంటే అతని రెండో సూపర్ బౌల్, 2016 ఫిబ్రవరిది, అతని కెరీర్‌లోనే అతి కమ్జోర్ సీజన్‌లో వచ్చింది. ఆ సీజన్‌లో 9 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్లు. ఫైనల్లో విసిరింది 141 గజాలు, ఒక్క టచ్‌డౌన్ పాస్ కూడా లేదు. గెలిపించింది డెన్వర్ డిఫెన్స్. గొప్పగా ఆడిన ఏళ్లలో చోకర్, ఆడలేని ఏడు ఛాంపియన్.

తమ్ముడు ఈలై మాటకొస్తే, బ్రేడీని సూపర్ బౌల్‌లో రెండుసార్లు ఓడించాడు కాబట్టి "ఒత్తిడిలో లోహా" అంటారు. అతని ప్లేఆఫ్స్ హిసాబ్ మొత్తం 8 గెలుపులు, 4 ఓటములు. ఆ ఎనిమిదీ రెండే రెండు సీజన్లలో వచ్చాయి, 2007లో నాలుగు, 2011లో నాలుగు. మిగతా నాలుగుసార్లు ప్లేఆఫ్స్‌కు వెళ్లి మొదటి మ్యాచ్‌లోనే ఓడాడు. జిగర్ అనేది ఒంట్లో ఉండే వస్తువే అయితే ఆ నాలుగుసార్లు ఎక్కడికి పోయింది? ఒక్క మ్యాచ్‌తో తేలే చోట నసీబ్ వాటా చాలా పెద్దది. మంచు, గాలి, టాస్, గాయపడిన సాథీలు, జారిపోయిన ఒక్క బంతి.

ఈ బహస్‌లో నాకు మరీ చుభే మాట ఇంకొకటి ఉంది. నల్లజాతి ఆటగాళ్లకు క్వార్టర్‌బ్యాక్ స్థానానికి కావలసిన దిమాగ్ లేదని అమెరికాలో దశాబ్దాలపాటు నమ్మారు. కాలేజీలో ఆ స్థానంలో మెరిసినవాళ్లను వేరే స్థానాలకు నెట్టేశారు. వారెన్ మూన్‌ను 1978లో ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. కెనడా వెళ్లి అక్కడ వరసగా ఐదు కప్పులు గెలిచాక వెనక్కి పిలిచారు. 1988 జనవరిలో డగ్ విలియమ్స్ సూపర్ బౌల్‌లో ఒక్క క్వార్టర్‌లోనే నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేసి గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అయినా 2018లో లమార్ జాక్సన్‌కు "నువ్వు రిసీవర్‌గా ఆడు" అని సలహా ఇచ్చిన పెద్దలున్నారు. అతను రెండుసార్లు అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2025 జనవరిలో బఫలోలో అతని జట్టు 27-25తో ఓడింది. అంతకు ముందు అతను రెండుసార్లు బంతి పోగొట్టిన మాట నిజం. ఆఖర్లో జట్టును సమం చేసే దాకా తెచ్చిన మాటా నిజమే. రెండు పాయింట్ల కోసం విసిరిన బంతి సాథీ చేతుల్లోంచి జారిపోయింది. మరుసటి రోజు మళ్లీ పాత ఇల్జామే: లమార్ ప్లేఆఫ్స్‌లో ఆడలేడు.

ఇలాంటి తూకం మనకు తెలియనిదా? ఒకడు తప్పితే "ఒకడు తప్పాడు" అని ఊరుకోకుండా, "వీళ్లింతే" అనే నజర్ ఎంత బరువో మన బస్తీల్లో పెరిగినవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ నజర్‌ను మనమే ఇంకొకరి మీద వేయకూడదు.

అలాగని ఆటగాణ్ని తప్పుపట్టొద్దని కాదు. ఇల్జామ్ మోపే ముందు మూడు సవాళ్లు అడగండి. బంతి ఆ సమయంలో అతని చేతిలో ఉందా? ఎన్ని మ్యాచులు చూసి ఈ మాట అంటున్నాం? ఇదే పని ఇంకొకరు చేస్తే ఇదే మాట అంటామా? మూడో సవాల్‌కు ఒక మిసాల్: 2021లో ప్యాట్రిక్ మహోమ్స్ సూపర్ బౌల్‌లో 31-9తో ఓడాడు, అతని జట్టుకు ఒక్క టచ్‌డౌన్ కూడా రాలేదు. అతన్ని ఎవరూ చోకర్ అనలేదు. ముందు నిలబడే ఇద్దరు ముఖ్య సాథీలు గాయాలతో లేరు, పాపం ఏం చేస్తాడన్నారు. సరైన మాటే. ఆ రహమ్ మహోమ్స్‌కు దక్కింది అంతకు ముందు ఏడాది గెలిచి ఉన్నాడు కాబట్టి. గెలవనివాడికీ అదే తరాజూ వాడాలి.

ఇది టీవీ ముందు ముగిసే బహస్ కాదు. మన ఇళ్లలో నీట్, ఈఏపీసెట్ రాసే పిల్లలున్నారు. రెండేళ్ల మెహనత్‌ను ఒక్క పూట తూచేస్తుంది. ర్యాంకు రాకపోతే "పరీక్ష అంటే వీడికి భయం, ధైర్యం లేదు" అని చుట్టాల ముందే అనేస్తాం. ఆ బిడ్డకు ఆ రోజు జ్వరమా, ఒక పేపరు కష్టంగా వచ్చిందా, చదువు చెప్పినవారిలో కమీ ఉందా, ఏదీ అడగం. ఒకసారి పడిన ఆ పేరు పిల్లల లోపలికి వెళ్లి కూర్చుంటుంది. తర్వాతి పరీక్షలో నిజంగానే చెయ్యి వణికిస్తుంది.

పేటన్ మ్యానింగ్‌కు ఆ పేరు చెరుపుకోవడానికి మళ్లీ మళ్లీ మౌకాలు దొరికాయి. మన పిల్లలకు అన్ని మౌకాలు ఇవ్వగలమో లేదో తెలియదు. కనీసం ఆ పేరైనా పెట్టకుండా ఉండగలం.