చింతచెట్టు తల ఏది?

పిల్లలూ! నా బీరువాలో ఒక పాత ఫోటో ఉన్నది. చంద్రగిరి దగ్గర నేను పనిచేసిన బడి ముందర పెద్ద చింతచెట్టు ఒకటి ఉండేది. బదిలీ అయి వెళ్ళేరోజున దానిని ఫోటో తీసికొన్నాను. కొన్నాళ్ళకు గాలివానలో ఆ చెట్టు కూలిపోయింది. మొన్న నా మనుమరాలు ఆ ఫోటో చూచి, "తాతయ్యా, చెట్టు తల ఏది? ఇది ఎంత ఎత్తు ఉండేది?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. మానుకు మరీ దగ్గరగా నిలబడి తీశాను. ఫోటోలో కొమ్మలు లేవు, పక్కన మనిషీ లేడు!

మీరు నాలాగా పొరపాటు చేయకండి. చెట్టంతా కనిపించేదాకా వెనక్కు నడవండి. మాను పక్కన ఒకరిని నిలబెట్టండి. అప్పుడు చెట్టు ఎత్తు చూడగానే తెలుస్తుంది. హార్సిలీ కొండమీద 1859లో నాటారని చెప్పే నీలగిరి చెట్టు ఉన్నది. అటువంటి పొడుగు చెట్టుకు ఫోనును నిలువుగా పట్టాలి. గొడుగులా పరచుకొన్న చింతకు, మర్రికి అడ్డంగా పట్టాలి.

ఇక వెలుగు సంగతి. మన శేషాచలం కొండల ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలాగా బీటలు బీటలుగా ఉంటుంది. ఉదయంపూట ఎండ ఏటవాలుగా పడినప్పుడు ప్రతి బీటలోనూ నీడ నిలిచి, బెరడు గరుకుదనం చక్కగా కనిపిస్తుంది.

పాత ఫోటోలు కొన్ని గోధుమరంగులో ఉండటం చూచారు కదా? ఎందుకో తెలుసా? నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ సన్నని వెండి రేణువులతో ఏర్పడుతుంది. గంధకం ఉన్న మందులతో ఆ వెండిని సిల్వర్ సల్ఫైడుగా మారిస్తే గోధుమరంగు వస్తుంది, బొమ్మ ఎక్కువకాలం మన్నుతుంది. ఫోనులో "సెపియా" నొక్కితే రంగు ఒక్కటే వస్తుంది, మన్నిక రాదు! పైగా పచ్చని చిగురు ఎండుటాకులాగా కనిపిస్తుంది. చూచినవారు చెట్టు చచ్చిపోయిందనుకోవచ్చు. మాను ఆకారం, బెరడు చూపాలంటే గోధుమరంగు బాగుంటుంది. చిగురు చూపాలంటే ఆకుపచ్చను చెరపకండి. రంగు మార్చినా అసలు ఫోటోను దాచుకోండి.

ఈ నెలలో మీ ఊళ్ళో అన్నిటికన్న పెద్ద చెట్టును ఫోటో తీయండి. ఊరిపేరు, తేదీ, పక్కన నిలబడినవారి పేరు వ్రాసిపెట్టండి. రేపు మీ మనుమలు అడిగితే, నాలాగా మీరు తెల్లమొగం వేయనక్కరలేదు.