మోకాలిలో ‘టప్’మంటే...

హిందూపురం మైదానంలో కబడ్డీ జోరుగా సాగుతోందనుకోండి. కూతకెళ్లిన కుర్రాడు చటుక్కున వెనక్కి తిరిగాడు. పాదం నేలకు నాటుకుంది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాలిలో ‘టప్’మని చప్పుడు! గంటల్లోనే వాపు. ‘బెణికిందిలే’ అని ఇంట్లో కట్టు కట్టిస్తారు. మూడు వారాలకు వాపు తగ్గగానే కుర్రాడు మళ్లీ బరిలోకి దిగుతాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మోకాలి ఎముకలను నాలుగు ముఖ్యమైన లిగమెంట్లు పట్టి ఉంచుతాయి. పక్కన చెరొకటి, లోపల ఒకదానికొకటి అడ్డంగా రెండు. లోపలివాటిలో ముందుది ఏసీఎల్. కింది ఎముక ముందుకు జారకుండా ఆపేది ఇదే.

విరిగిన ఎముకను సరిగ్గా కూర్చి కట్టు కడితే అతుక్కుంటుంది. పూర్తిగా తెగిన ఏసీఎల్ అలా అతుక్కోవడం అరుదు. కీలులోని ద్రవం వల్ల గాయం దగ్గర రక్తం గడ్డకట్టి నిలవదు, కొసలు కలవవు. లిగమెంటు ఎక్స్‌రేలో కనిపించదు. డాక్టరు చేత్తో చేసే పరీక్షలు, ఎమ్మారై స్కాన్‌తోనే తేలుతుంది. నొప్పి పోయినా పెనుకొండ కొండ దిగుతుంటే కాలు పట్టు తప్పుతుంది. అలా తప్పినప్పుడల్లా ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలిగి చిరగొచ్చు. దాంతో చిన్న వయసులోనే కీలు అరిగిపోతుంది.

ఆపరేషన్‌లో సాధారణంగా పాతదాన్ని కుట్టరు, కొత్తది వేస్తారు. తొడ వెనక కండరాల టెండన్లను తీసి నాలుగు పేటలుగా మడుస్తారు. ఒంటి పోగు కన్నా నాలుగు పేటలు గట్టివని ధర్మవరం నేతన్నకు వేరే చెప్పాలా! చిన్న కోతల్లోంచి కెమెరా గొట్టం పంపి, రెండు ఎముకల్లో రంధ్రాలు చేసి, ఆ పేటను లాగి స్క్రూలతోనో చిన్న బొత్తాంలాంటి బిళ్లతోనో బిగిస్తారు. మొదటి నెలల్లో అది బలహీనంగా ఉంటుంది. అందుకే కనీసం తొమ్మిది నెలలు ఆటలు వద్దంటారు.

ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. కాలు పట్టు తప్పనివారికి, మెలి తిరిగే ఆటలు ఆడనివారికి ఫిజియోథెరపీ సరిపోవచ్చు.

1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ భాగస్వామిని ఢీకొని పుల్లెల గోపీచంద్ ఏసీఎల్ తెగింది. ఆపరేషన్లు, ఓపికగా వ్యాయామాలు... 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ విజేత!

మీ ఇంట్లో ఆటగాడుంటే ‘వాపు తగ్గిందా?’ అని ఊరుకోకండి. ‘కాలు నిలుస్తోందా?’ అనీ అడగండి.