కొత్త బాటరీ కొనేముందు కొలిచి చూడండి

రేసింగు డ్రోను నేలమీద ఉన్నంతసేపూ ఏ లోపమూ కనిపించదు. బాటరీ తగిలిస్తే దీపాలు వెలుగుతాయి. మీటరు పెట్టి చూస్తే వోల్టేజి నిండుగా ఉంటుంది. తీరా గాలిలోకి లేపి ఒక్కసారిగా వేగం పెంచగానే కెమెరా బొమ్మ మాయమవుతుంది, డ్రోను రాయిలా కింద పడుతుంది. "బాటరీ పోయింది, కొత్తది కొనాలి" అంటారు చాలామంది. కొత్తది పెట్టినా అదే జరిగితే బోర్డు మారుస్తారు, ఆ తరవాత మోటార్లు మారుస్తారు. కొలవకుండా భాగాలు మార్చడం మరమ్మతు కాదు, జూదం. మన విద్యార్థులు నేర్చుకోవలసింది జూదం కాదు, పరీక్ష చేసే పద్ధతి అని నా అభిప్రాయం.

నిజానికి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల రైతులకు ఈ జబ్బు కొత్తది కాదు. బోరు మోటారు ఆగి ఉన్నప్పుడు స్టార్టరు పెట్టెమీది మీటరు 400 వోల్టులు చూపిస్తుంది. మీట నొక్కగానే ముల్లు దిగిపోతుంది. మోటారు మూలుగుతుంది గాని తిరగదు. 5 హార్స్‌పవర్ల మూడు ఫేజుల మోటారు నడిచేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. బయలుదేరేటప్పుడు దానికి అయిదారు రెట్లు లాగుతుంది. వచ్చే తీగ నిరోధం 1 ఓం అనుకోండి. నడిచేటప్పుడు ఆ తీగలో పోయేది 8 వోల్టులే. బయలుదేరేటప్పుడు పోయేది 40కి పైనే. వోల్టేజి తగ్గితే అదే పని చేయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, చివరికి వైండింగు కాలిపోతుంది. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. కరెంటు వచ్చే వేళలు మారాయిగాని, లైను చివరనున్న బోరుకు తీగ నిరోధం మారలేదు కదా!

డ్రోను కథ కూడా ఇదే. నాలుగు ఘటాల లిథియం పాలిమర్ బాటరీ నిండుగా ఉంటే 16.8 వోల్టులు చూపుతుంది. మంచి బాటరీ అంతర్నిరోధం 0.02 ఓంలు అనుకుందాం. వేగం పెంచినప్పుడు 80 ఆంపియర్లు ప్రవహిస్తే లోపలే 1.6 వోల్టులు పోతాయి, 15.2 మిగులుతాయి. పాతబడి నిరోధం 0.06 ఓంలకు పెరిగిందంటే 4.8 వోల్టులు పోయి 12 మాత్రమే మిగులుతాయి. కదలకుండా ఉన్నప్పుడు మాత్రం రెండు బాటరీలూ ఒకే అంకె చూపిస్తాయి!

ఇక టంకం సరిగా పట్టని ఒక్క అతుకు సంగతి చూడండి. దాని నిరోధం 0.01 ఓం ఉన్నా, 80 ఆంపియర్ల దగ్గర అక్కడ 64 వాట్ల వేడి పుడుతుంది. మామూలు టంకం కడ్డీ 25 వాట్లదే! ఇంత చిన్న నిరోధాన్ని సాధారణ మీటరు ఓంలలో చూపలేదు, దాని తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ. కరెంటు ప్రవహిస్తున్నప్పుడు వోల్టేజి ఎక్కడ తగ్గుతున్నదో చూడడమే దారి.

అందుకే పరీక్షకు ఒక వరస ఉండాలి. ముందుగా రెక్కలు ఊడదీయాలి. ఇందులో మినహాయింపు లేదు. అతుకులను కంటితో చూడాలి. కొత్తగా అతికిన డ్రోనుకు బాటరీని నేరుగా కలపకుండా మధ్యలో లారీలో వాడే 24 వోల్టుల బల్బును సీరీసులో పెట్టాలి. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోతే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు. మన ఊళ్లలో రేడియోలు, టీవీలు బాగుచేసేవారి సీరీస్ బోర్డు సూత్రమే ఇది. తరవాత ఒక్కొక్క ఘటాన్నీ విడిగా కొలవాలి. ఎగిరేటప్పుడు బాటరీ వోల్టేజి ఎంతకు దిగిందో చాలా డ్రోనులు తామే తెరమీద చూపిస్తాయి. అది బాగా పడిపోయి, దిగాక మళ్లీ పైకి లేస్తే, లోపం బాటరీలోనో దాని అతుకులోనో ఉంది. బాటరీ వోల్టేజి నిలకడగా ఉండి కెమెరా మాత్రమే ఆరిపోతే, కెమెరాకు విద్యుత్తు అందించే దారిని అనుమానించాలి. ఉబ్బిన బాటరీని ఎన్నడూ చార్జి చేయకండి. మన ఎండలలో బాటరీని ఆరుబయట వదలకండి.

"డ్రోను ఖరీదైన ఆటవస్తువు, పల్లె పిల్లలకెందుకు?" అని కొందరు అడగవచ్చు. 2021 సెప్టెంబరులో వికారాబాదులో డ్రోనులతో మందులు పంపే ప్రయోగం మొదలైంది. 15,000 మహిళా సంఘాలకు వ్యవసాయ డ్రోనులు ఇచ్చే పథకాన్ని 2023లో కేంద్రప్రభుత్వం ఆమోదించింది. చేనిమీద మందు చల్లే డ్రోను ఆగిపోతే దాన్ని ఎవరు బాగుచేస్తారు? ప్రతిసారీ పట్నానికి పంపితే అదను దాటిపోతుంది. కాలిన మోటారును బోరులోంచి పైకి లాగి, వైండింగు చేయించి, మళ్లీ దించేలోగా పైరు వాడిపోవడం చూసిన రైతు బిడ్డలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

జార్జి ఓం బడిపంతులు. కొలోన్ నగరంలో తాను పాఠాలు చెప్పిన బడి ప్రయోగశాలలోనే ఎన్నో ప్రయోగాలు చేసి, 1827లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రకటించాడు. ఆయన నియమాన్ని కంఠస్థం చేసి పరీక్ష రాస్తున్న మనవాళ్లలో మీటరు ముట్టుకున్నవారెందరు? ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఒక మల్టీమీటరు విద్యార్థుల చేతికి అందాలి. ఊళ్లో మోటారు వైండింగు చేసే మేస్త్రీని ఏడాదికి ఒకసారైనా తరగతికి పిలవాలి. పుస్తకం చెప్పే "ఎందుకు", ఆయన చెప్పే "ఎక్కడ" ఒకచోట కలవాలి.

మీరు ఈరోజే మొదలుపెట్టవచ్చు. ఇంటి కరెంటు జోలికి, స్టార్టరు జోలికి పోవద్దు. ఒక పాత టార్చి ఘటం, ఒక కొత్త ఘటం తీసుకోండి. వోల్టేజి కొలవండి. తరవాత ఒక్కొక్కదానికీ చిన్న టార్చి బల్బు తగిలించి, అది వెలుగుతుండగా మళ్లీ కొలవండి. నాలుగు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. ఏ ఘటాన్ని పారవేయాలో ఆ అంకెలే చెబుతాయి.