మాట మధ్యలోనే ఉండాలి!

"పాటలు అదిరాయి గానీ, హీరో మాట ఒక్కటీ వినబడలేదండీ!" ఇంటర్వెల్లో ఈ గోల మీరూ వినే ఉంటారు. చాలాసార్లు తప్పు హీరో గొంతుది కాదు సుమా! మిక్సింగ్ గదిలో జరిగిన పంపకానిది.

5.1 అంటే తెరవెనుక ఎడమ, మధ్య, కుడి చానెళ్ళు మూడు. హాలు గోడలకు ఎడమా కుడీ రెండు. ఉరుములూ పేలుళ్ళ కోసం ఆ 'పాయింట్ ఒకటి'. ప్రో టూల్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పాన్ చుక్కను ఎటు లాగితే శబ్దం అటు పోతుంది. హెలికాప్టర్‌ని హాలంతా తిప్పండి, ఎవరొద్దన్నారు? డైలాగును మాత్రం సాధారణంగా మధ్య చానెల్ దాటనివ్వరు. గోడవారన చివరి సీట్లో కూర్చున్నవాడికీ మాట తెరమీంచే రావాలి కదా!

ఇక లెవెల్స్. మాట మునిగితే ముందు సంగీతాన్ని పక్కలకు జరిపి, కాస్త తగ్గించి చూడాలి. అలా కాక అన్నీ పెంచుకుంటూ పోతే ఏమవుతుంది? డోల్బీ ప్రాసెసర్‌లో ప్రామాణిక స్థానం 7. ప్రేక్షకులు చెవులు మూసుకుంటే హాలువాళ్ళు దాన్ని 5కి దించేస్తారు. హోరుతోపాటు గుసగుసలూ గోవిందా!

ఈసారి మాట వినబడకపోతే ఈల వేయకండి. ఫేడర్ ఎంతలో ఉందో ఆపరేటర్‌ని అడగండి!