లైఫ్‌జాకెట్ మెడను కాపాడదు

వేసవి సెలవులొస్తే మోటబావి గట్టు మీద, కాలువ లాకుల దగ్గర, చెక్‌డ్యామ్ కట్ట మీద కుర్రాళ్ల సందడే సందడి. ఈత రానివాడు గట్టున కూర్చుంటాడు, వచ్చినవాడు డైవ్ కొడతాడు. నీటి గండమంటే మన లెక్కలో మునిగిపోవడమొక్కటే. పిల్లాడికి ఈత వస్తే ఇక బెంగ లేదనుకుంటాం. కానీ తలకిందులుగా దూకే ధైర్యం ఈత వచ్చినవాడికే ఉంటుంది. మెడ విరిగే ముప్పూ అతనికే.

అయిదడుగుల గట్టు మీంచి దూకినవాడు నీటిని తాకేసరికి వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. లోతు చాలకపోతే తల అడుగున తగిలి ఆగిపోతుంది, వెనక వస్తున్న ఒళ్లు ఆగదు. ఆ బరువంతా మెడలోని 7 వెన్నుపూసల మీద పడుతుంది. ఇలాంటి ప్రమాదాల్లో తరచూ చితికేది 5, 6 పూసల దగ్గరే. అక్కడ వెన్నుపాము నలిగితే కాళ్లు పడిపోతాయి, చేతులూ చాలావరకు పట్టు తప్పుతాయి. ఇంకా పైన దెబ్బ తగిలితే ఊపిరి ఆడించే నరానికే ఎసరు. నిరుడు దూకిన చోటే కదా అన్న ధీమా పనికిరాదు. ఇసుక మేట వేసి ఉండొచ్చు, కాలువకు నీళ్లు తగ్గించి ఉండొచ్చు. బురదనీరు ఆ సంగతి చెప్పదు.

పర్యాటకం పేరుతో జెట్‌స్కీలు, బనానా బోట్లు మన తీరానికీ వచ్చాయి. మలుపులో బోటు విసిరేస్తే నీటి మీద పడ్డవాడి మెడ కొరడాలా విసురుగా ఊగుతుంది. అక్కడ భద్రత అంటే లైఫ్‌జాకెట్ తొడగడమే. అది మనిషిని తేలుస్తుంది, మెడను నిలబెట్టదు.

దూకినప్పుడు మిగిలిన నరాన్ని కొన్నిసార్లు గట్టుకు చేర్చేవాళ్లు పోగొడతారు. నలుగురూ చేరి రెక్కలు పట్టి లాగుతారు, కూర్చోబెట్టి మంచినీళ్లు పోస్తారు, ఆటోలో ముడిచి పడేస్తారు. ప్రేమతో చేసేదే, కానీ విరిగిన పూస కదిలి వెన్నుపామును నొక్కేది అప్పుడే. బోర్లా తేలుతున్నవాణ్ని తల, ఒళ్లు ఒకే వరసలో ఉండేలా వెల్లకిలా తిప్పాలి. శ్వాస ఆడుతూ ఉండి, ప్రవాహం లేకపోతే తొందరపడి లాగనక్కర్లేదు, ఒంటి బరువును నీరే మోస్తుంది. శ్వాస లేకపోతే మాత్రం ప్రాణమే ముందు. వెంటనే ఒడ్డుకు చేర్చి, తల వెనక్కి వంచకుండా దవడను ముందుకు నెట్టి నోటితో ఊపిరి ఊదాలి. ఒడ్డున తలగడ పెట్టకూడదు. 108 వచ్చేదాకా ఒకరు రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోవాలి. మోయక తప్పకపోతే చెక్కబల్ల మీద, నలుగురూ ఒక్కసారిగా దుంగను దొర్లించినట్టు తిప్పి ఎక్కించాలి.

ఆసుపత్రిలో సీటీ స్కాన్ విరిగిన ఎముకను చూపిస్తుంది, ఎమ్మారై నలిగిన నరాన్ని చూపిస్తుంది. వెన్నుపాము మీద ఒత్తిడి ఉంటే 24 గంటల్లోపు ఆపరేషన్ చేయడం మేలని నేటి వైద్యం చెబుతోంది. నరం పూర్తిగా తెగకపోతే కొంతైనా కోలుకునే ఆశ ఉంటుంది. ఆ తర్వాతిది నెలల తరబడి సాగే ఫిజియోథెరపీ. పుండ్లు పడకుండా రెండేసి గంటలకు ఒత్తిగిలించడం, మూత్రసంచి చూసుకోవడం ఇంటివాళ్ల వంతు. ఆపరేషన్ ఖర్చు గురించి మాట్లాడే మనం ఈ చాకిరీ గురించి మాట్లాడం.

ప్రతి మెడనొప్పీ ఇంత ఘోరం కాదు. కండరం పట్టేస్తే మొదట ఐసు, తర్వాత కాపడం, మెల్లగా తల తిప్పడం చాలు. నెలల తరబడి కాలర్ వేసుకుంటే కండరాలే బలహీనపడతాయి. కానీ చేతులు తిమ్మిరెక్కినా, మెడ నడిమధ్య ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా, తల పక్కకు తిరగకపోయినా స్కాన్ తీయాల్సిందే. చేయి విరిగితే పుత్తూరు కట్టుకు పరుగెత్తే అలవాటు మనది. మెడ విషయంలో కట్లూ వద్దు, మంగలి కుర్చీలో పటుక్కుమనిపించే మర్దనా వద్దు.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్ల దగ్గర గజఈతగాళ్లను ఎటూ పెడతారు. వాళ్లకు మెడ పట్టే పద్ధతి ఒక్కపూట నేర్పడానికి, ఘాట్‌కో చెక్కబల్ల ఉంచడానికి, లోతు తెలిపే గీతలు గీయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఊళ్లో అయితే అదీ అవసరం లేదు. ముందు కాళ్లతో దిగి లోతు చూసి రమ్మని పిల్లలకు చెబితే చాలు. ఈత నేర్పేవాడు చెప్పాల్సిన మొదటి పాఠం అదే.